నిచ్చెన మీద ఉన్నవాడు ఫోన్ ఎత్తలేడు

సంపాదకులకు,

అయ్యా,

చిన్న వ్యాపారులు సోషల్ మీడియాలో ఎలా ఎదగాలో చెబుతూ పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, రాత్రి అన్నం తింటుంటే మా ఆవిడ నాకు చదివి వినిపించింది. రోజుకో రీల్ పెట్టాలనీ, మెసేజ్ వచ్చిన ఐదు నిమిషాల్లో జవాబివ్వాలనీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్ మూడింటిలోనూ కనబడుతూ ఉండాలనీ అందులో రాశారు. రాసినవారు మా మంచి కోరే రాశారు. చీరల షాపుకో బేకరీకో ఆ సలహా పనికొస్తుంది. విజయవాడ పాయకాపురంలో ఇరవై ఆరేళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తున్న నాలాంటివాడు దాన్ని పాటిస్తే మాత్రం చేతిలో ఉన్న పని చెడుతుంది. నా అనుభవంలో జరిగినవే రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయమని మనవి.

మాది చిన్న షాపు. నేను, ఇద్దరు కుర్రాళ్లు, ఫోన్ దగ్గర మా ఆవిడ. చలికాలంలో రోజుకు రెండు మూడు పనులు దొరికితే గొప్ప. ఏప్రిల్ వచ్చిందంటే అంతా తారుమారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పదిహేను రోజులూ మాకు పొద్దున ఏడింటికే ఫోన్ మొదలవుతుంది. వాట్సాప్‌లో ఒక్కో రోజు అరవై డెబ్బై మెసేజ్‌లు వస్తాయి. ముగ్గురం కలిసి ఎంత పరిగెత్తినా పన్నెండు ఇళ్లకు మించి చేయలేం. మిగిలినవాళ్లు పసిపిల్లల్నీ, పెద్దవాళ్లనీ పెట్టుకుని ఆ ఉడుకులో మా కోసం చూస్తుంటారు. వాళ్లకి "రేపు సాయంత్రం నాలుగు లోపు వస్తాం" అని ఒక నిజమైన మాట చేరాలి. ఫోన్‌తో నాకు కావాల్సింది ఇదే.

ఇక మా పని ఎలా ఉంటుందో చెప్పాలి. మూడో అంతస్తు గోడకు బిగించిన అవుట్‌డోర్ యూనిట్‌ను అందుకోవాలంటే కిటికీ సన్‌షేడ్ మీద ఒక కాలు, నిచ్చెన మీద ఒక కాలు. నాకు తెలిసిన ఒక మెకానిక్ అలా నిలబడి ఉండగా జేబులో ఫోన్ మోగింది. తీయబోయి కిందపడ్డాడు. మడమ విరిగి ఆ వేసవంతా మంచం మీదే ఉన్నాడు. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. ఫ్రిజ్ పని నేల మీద కూర్చుని చేసేదే అయినా అందులోనూ తేలిక లేదు. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఏ అనే గ్యాస్. నిప్పు అంటుకునే గ్యాస్ అది. ఇంటి ఫ్రిజ్‌కి 50, 60 గ్రాములే పడుతుంది. చిన్న తూకం మీద సిలిండర్ పెట్టి, అంకె మీద నుంచి కన్ను తిప్పకుండా ఎక్కించాలి. ఒకసారి సరిగ్గా ఆ సమయంలో ఎవరో "హాయ్" అని మెసేజ్ పెట్టారు. నేను అటు చూశాను. గ్యాస్ ఎక్కువైంది. మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి చేశాను. ఆ రోజు నుంచి పని దగ్గర నా ఫోన్, కుర్రాళ్ల ఫోన్లు టూల్ బ్యాగులోనే ఉంటాయి.

మరి జవాబులు ఎప్పుడిస్తావని అడగొచ్చు. పంపు తిరిగే అరగంటలో ఇస్తాను.

ఏసీ పైపులో లీకు పడితే దాన్ని అతికించాక, లీకు ఇంకా ఉందేమోనని నైట్రోజన్ ఎక్కించి చూస్తాం. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి పైపులో ఉన్న గాలి, తేమ లాగేస్తాం. తేమ మిగిలితే సన్నటి గొట్టంలో మంచు కట్టి దారి మూసుకుంటుంది, కంప్రెసర్ ఆయిల్ కూడా పాడవుతుంది. అందుకని పంపు కనీసం అరగంట తిరగాలి. తొందరపడి పది నిమిషాల్లో తీసేసి గ్యాస్ కొట్టేసేవాళ్లు ఉన్నారు, రెండు నెలల్లో ఏసీ మళ్లీ మొరాయించేది అందుకే. ఆ అరగంటా మా చేతులకి వేరే పనేమీ ఉండదు. పైపుకి పెట్టిన గేజిలో ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూస్తూ కూర్చోవడమే.

2023 మే నెలలో సత్యనారాయణపురంలో ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. లీకు దొరికింది, అతికించాను, పంపు పెట్టాను, బాల్కనీలో కూర్చుని మెసేజ్‌లకి జవాబులు రాసుకుంటున్నాను. ఇంటావిడ లోపల లాప్‌టాప్ మీద ఆఫీసు పని చేసుకుంటూ రెండు మూడుసార్లు ఇటు తొంగిచూశారు. నేనేమీ చెప్పలేదు. గ్యాస్ ఎక్కించి, చల్లదనం చూపించి, డబ్బు తీసుకుని వచ్చేశాను. రాత్రి గూగుల్‌లో మా షాపు కింద ఒక్క స్టార్ పడింది. "అరగంట సేపు ఫోన్ చూసుకుంటూ కూర్చుని డబ్బు తీసుకుని వెళ్లాడు" అని రాశారు.

అయ్యా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పని దొంగ అనే మాట నన్ను ఎవరూ అనలేదు అప్పటిదాకా. పన్నెండింటికి లేచి కోపంగా పెద్ద జవాబు రాశాను. బీకాం చదివే మా అమ్మాయి ఫోన్ లాక్కుని, "నాన్నా, పొద్దున దాకా ఆగు" అంది. తెల్లారాక ఆవిడకి ఫోన్ చేశాను. "మేడమ్, తప్పు నాది, ఆ అరగంటలో ఏం జరుగుతోందో మీకు చెప్పలేదు. మీకు వీలైతే వచ్చి చూపిస్తాను, డబ్బేమీ వద్దు" అన్నాను. రమ్మన్నారు. పంపు, గేజి పట్టుకెళ్లి, ముల్లు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగాలో, దిగాక ఎందుకు ఆగి చూడాలో చెప్పాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, "ఈ మాట నిన్నే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ" అన్నారు. ఆ రివ్యూని తనే మార్చి నాలుగు స్టార్లు చేశారు. ఐదో స్టార్ నేను అడగలేదు. ఇప్పుడు పంపు ఆన్ చేసేముందే ఇంట్లోవాళ్లని పిలిచి, "ఇది అరగంట తిరగాలి, ఈలోగా నేను వేరేవాళ్ల మెసేజ్‌లు చూసుకుంటాను, మీరు ఈ ముల్లు చూస్తూ ఉండండి" అని చెప్పి కూర్చుంటున్నాను. ఆ తర్వాత ఇంతవరకు అలాంటి మాట రాలేదు.

రివ్యూల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం. మా పనిలో ముక్కూమొహం తెలియని మనిషిని పడకగదిలోకి రానివ్వాలి. అది చాలా పెద్ద నమ్మకం. వెనకటి రోజుల్లో పక్కింటివాళ్ల మాట మీద పిలిచేవారు, ఇవాళ గూగుల్ మ్యాప్స్‌లో స్టార్లు చూసి పిలుస్తున్నారు. అందుకే అబద్ధపు స్టార్లు నాకు కలరా నీళ్లలా కనబడతాయి. నెలకొకడైనా ఫోన్ చేసి, ఇన్ని వేలకి ఐదు స్టార్ల రివ్యూలు ఓ యాభై పెట్టిస్తామంటాడు. కొందరు కస్టమర్లు కూడా "రెండొందలు తగ్గించు, ఐదు స్టార్లు కొడతా" అంటారు. వద్దని చెబుతాను. డబ్బో తగ్గింపో ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నియమాలకే విరుద్ధం. కొనుక్కున్న రివ్యూలు కుదరవని చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే తెచ్చింది. ఈ సంగతి మా తోటి మెకానిక్‌లలో చాలామందికి తెలియదు. మీలాంటి పత్రిక రాస్తే తెలుస్తుంది.

ఇప్పుడు రీల్ మాట. నేను ఒకసారి పెట్టి చూశాను. మా కుర్రాడు జెట్ పంపుతో ఏసీ కడుగుతుంటే నల్లటి బురద నీళ్లు కారడం వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టాడు. నాలుగు రోజుల్లో అరవై వేలమంది చూశారు. అందరం సంబరపడ్డాం. కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ల నుంచి కూడా మెసేజ్‌లు వచ్చాయి. మా ఏసీలో ఈ4 అని ఎర్రర్ కోడ్ వస్తోంది ఏం చేయాలి, మా ఫ్రిజ్ కింద నీళ్లెందుకు కారుతున్నాయి, ఈ పంపు ఎక్కడ కొన్నారు. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. కానీ మేం బండి మీద పోయేది షాపు చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్లు. మూడు వారాల్లో ఆ రీల్ చూసి పిలిచి పని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

అంతవరకే అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ మెసేజ్‌ల గుంపులో మా పాత కస్టమర్ ఒకాయన మెసేజ్ కిందికి పోయింది. పదిహేనేళ్లుగా నన్నే పిలిచే రిటైర్డ్ మాస్టారు ఆయన. పొద్దున తొమ్మిదింటికి ఫ్రిజ్ ఆగిపోయిందని పెట్టారు. నేను చూసింది రాత్రి పదింటికి. ఆ ఫ్రిజ్‌లో వాళ్లావిడ వాడే ఇన్సులిన్ ఉంది. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పగలంతా ఎదురుచూసి, ఆ సీసాల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచుకున్నారు. నేను ఆ రాత్రే వెళ్లాను. కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే మాడిపోయింది, పావుగంట పని. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు, "నువ్వు బిజీగా ఉన్నావనుకున్నానయ్యా" అన్నారు అంతే. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి ఆ రీల్ తీసేయించాను.

అలాగని ఫోన్ పారేయమని నేననడం లేదు. అది లేకపోతే 2024 వరదల్లో మా పేట ఏమైపోయేదో. ఆ సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ అన్నీ మునిగాయి. మా షాపులో నడుము లోతు నీళ్లు. మేం పటమటలో మా బావమరిది ఇంట్లో తలదాచుకున్నాం. వారం దాటినా కొన్ని వీధుల్లో నీళ్లు దిగలేదు. మెల్లగా ఇళ్లకి చేరుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి అడుగుతున్నారు, కరెంటొచ్చింది, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టమంటావా అని. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ బురదతో ప్లగ్గు పెడితే షాక్ కొడుతుంది, లేదా బాగుపడే సామాను కూడా కాలిపోతుంది.

వాట్సాప్ స్టేటస్‌లో నలభై సెకన్లు మాట్లాడి పెట్టాను. "ఎవరూ ప్లగ్గు పెట్టకండి. ఫ్రిజ్ కంప్రెసర్ సీలు వేసిన డబ్బా, లోపలికి నీళ్లు పోవు, భయపడి పాత సామానువాడికి ఇచ్చేయకండి. రిలే, వైర్లు, బోర్డు చూసి మార్చుకుంటే చాలావరకు పనిచేస్తుంది. వాషింగ్ మెషీన్ వెనక మూత తీసి మంచినీళ్లతో బురద కడిగి ఎండలో పెట్టండి. మెకానిక్ మెగ్గర్, అంటే కరెంటు లీకు చూసే మీటరు, పెట్టి చూసిందాకా ఆగండి." అంతే చెప్పాను. మ్యూజిక్ లేదు, ఎడిటింగ్ లేదు. స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది కాబట్టి రోజూ అదే మళ్లీ పెట్టాను. దాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చర్చి గ్రూపుల్లో, గుడి కమిటీ గ్రూపుల్లో జనమే పంపుకున్నారు. ఫ్రిజ్‌ని తుక్కు రేటుకి అమ్మబోయి నా మాట విని ఆపామని ఇప్పటికీ కొందరు రోడ్డు మీద ఆపి చెబుతారు. మాలాంటి పనివాళ్లు నోరు విప్పాల్సింది అలాంటి అవసరం వచ్చినప్పుడు. ఏదో ఒకటి పెట్టాలి కదా అని పెట్టేది ఎవరికీ అక్కరకు రాదు. వేసవి ముందు ఫిల్టర్ ఎలా కడుక్కోవాలో ఒకటి, వానాకాలం ముందు ఎర్తింగ్ చూపించుకోమని ఒకటి, పండక్కి ఊరెళ్లేవాళ్లు ఫ్రిజ్‌ని ఏం చేయాలో ఒకటి పెడతాను. ఏడాదికి అవి చాలు.

రోజువారీ పద్ధతి మా ఆవిడ, మా అమ్మాయి కలిసి పెట్టారు. షాపు నంబరును వాట్సాప్ బిజినెస్‌లోకి మార్చారు. అది ఉచితమే. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్లకి దానంతట అదే ఒక పలకరింపు వెళుతుంది. అందులో మేం అడిగేవి నాలుగే: ఏం సామాను, కంపెనీ లేబుల్ ఫోటో, లొకేషన్, ఎన్నో అంతస్తు. ఇంట్లో పసిబిడ్డ గానీ జబ్బు మనిషి గానీ ఉంటే "అర్జెంటు" అని రాయమని కూడా ఉంటుంది. మాస్టారి సంగతి జరిగాక చేర్చింది అది. రాత్రి తొమ్మిది దాటితే "పొద్దున ఏడింటికి జవాబిస్తాం" అని వెళుతుంది. రేటు అడిగేవాళ్లకి రోజూ ముప్ఫైసార్లు టైపు చేసే పని లేకుండా క్విక్ రిప్లైలు రాసుకున్నాం. ఏటవాలు గీత (/) కొట్టి రెండక్షరాలు నొక్కితే సర్వీసు చార్జీ మొత్తం వస్తుంది. రంగు లేబుల్స్ ఉన్నాయి, అర్జెంటుకి ఎరుపు, డబ్బు రావాల్సినవాళ్లకి పసుపు. అదే నంబరు షాపులో కంప్యూటర్ మీద కూడా తెరుచుకుంటుంది కాబట్టి మా ఆవిడ పగలు చూసి ఎర్రవి మాత్రం ఫోన్ చేసి నాకు చెబుతుంది. మిగతావి నేను పంపు తిరిగే అరగంటలో, రాత్రి భోజనానికి ముందు ఇంకో అరగంటలో చూస్తాను. తర్వాత ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది, నేను లోపల పడుకుంటాను. గూగుల్‌లో మా షాపు వివరాలు ఆదివారం పొద్దున ఒకసారి సరిచూస్తాం. అందులో మార్పులు సూచించే వీలు ఎవరికైనా ఉంటుంది కాబట్టి నంబరు మనదే ఉందా అని చూసుకోవడం అవసరం.

మోసాల గురించి చెప్పకుండా ముగించలేను. "మీ గూగుల్ లిస్టింగ్ రేపటితో తీసేస్తాం, డబ్బు కట్టండి" అని మెకానిక్‌లకి, బ్యూటీ పార్లర్ నడిపే ఆడవాళ్లకి ఫోన్లు వస్తున్నాయి. గూగుల్‌లో షాపు పెట్టుకోవడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఇంకొకటి ఇంతకన్నా ఘోరం. మా వీధిలో ప్లంబింగ్ చేసే తమ్ముడికి "మీకు పొరపాటున ఒక ఆరంకెల కోడ్ వచ్చింది, చెప్పండి" అని మెసేజ్ వచ్చింది. పైపు చేతిలో పట్టుకుని ఉన్నాడు, ఆలోచించే తీరిక లేదు, చెప్పేశాడు. క్షణాల్లో అతని వాట్సాప్ వేరేవాడి చేతిలోకి పోయింది. కస్టమర్లందరికీ "అర్జెంటుగా ఐదు వేలు పంపండి" అని వెళ్లింది. ఇద్దరు పంపేశారు కూడా. ఆ డబ్బు తను కట్టుకున్నాడు, ఎవరూ అడక్కపోయినా. వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఒక పిన్ను పెట్టుకుంటే ఇది అంత తేలిగ్గా జరగదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండు ముక్కలు అతనికి ముందే ఎవరూ చెప్పలేదు.

మీకు నా మనవి ఒకటి. వచ్చే వేసవిలోపు మీ పేజీలో వారానికి ఒక చిన్న కాలమ్ మాలాంటి వాళ్ల కోసం వేయండి. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, టైలర్, టీవీ మెకానిక్ తెలుగులో చదువుకుని ఆ రోజే చేసుకోగలిగేలా ఉండాలి. ఫోన్‌లో ఏ బొమ్మ నొక్కాలో, ఏ కోడ్ ఎవరికీ చెప్పకూడదో, చెడ్డ రివ్యూకి ఎలా జవాబు రాయాలో. పదివేలమంది ఫాలోవర్లు ఎలా వస్తారో చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

కస్టమర్లకి కూడా చేతులెత్తి అడుగుతున్నాను. "హాయ్" అని పెట్టి మా జవాబు కోసం ఆగకండి, ఏం పాడైందో, ఎక్కడుంటారో ఒకే మెసేజ్‌లో పెట్టండి. నీలం టిక్కులు పడ్డాయి కదా, జవాబెందుకివ్వలేదని కోపం తెచ్చుకోకండి, చదివినవాడు ఆ నిమిషంలోనే నిచ్చెన ఎక్కి ఉంటాడు. పని నచ్చకపోతే ఒక్క స్టార్ వేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. మేం మళ్లీ వచ్చి చూస్తాం. అప్పటికీ నచ్చకపోతే తప్పకుండా రాయండి, అది మీ హక్కు.

ఇక ఐటీఐలు. నేను చదివిన రిఫ్రిజిరేషన్ ట్రేడులో అతికించడం, గ్యాస్ తూచడం నేర్పారు, కస్టమర్‌తో మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అనే పాఠం ఉందని మా హెల్పర్ కుర్రాడు చెప్పాడు. ఆ పాఠంలోనే రెండు మూడు రోజులు దీనికి కేటాయిస్తే, బయటికొచ్చి సొంతంగా బోర్డు పెట్టుకునే పిల్లలు నా కన్నా ముందే నేర్చుకుంటారు. నవంబరు నుంచి జనవరి దాకా మాకు పని తక్కువ. ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఏ ఐటీఐవారు పిలిచినా, ఆ మూడు నెలల్లో ఏ రోజైనా, నా పంపు, గేజి, మా ఆవిడ రాసుకున్న క్విక్ రిప్లైల కాగితం పట్టుకుని సొంత ఖర్చులతో వస్తాను. రీల్ సంగతి, మాస్టారి ఫ్రిజ్ సంగతి కూడా పిల్లలకి చెబుతాను.

ఇట్లు,
ఒక ఏసీ, ఫ్రిజ్ మెకానిక్,
పాయకాపురం, విజయవాడ